మత్తుకు ముందు చెప్పే మాట

మేడమ్ పోయారన్న కబురు నాకు ఆపరేషన్ థియేటర్‌లో అందింది. ఉదయం రెండో కేసుకు మందులు సిద్ధం చేసుకుంటున్నాను. మా టెక్నీషియన్ లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడి, "మేడమ్ ఇంట్లకెల్లి ఫోనొచ్చింది డాక్టరమ్మా" అన్నాడు. కొన్ని వారాలుగా ఆ ఫోను ఎప్పుడొస్తుందోనని ఇద్దరం భయపడుతూనే ఉన్నాం.

నా చేతిలో సిరంజి ఉంది. బల్ల మీద పడుకున్న పెద్దాయన నన్నే చూస్తున్నాడు. ఇలాంటప్పుడు గుండె రాయి చేసుకుని పని పూర్తి చేయడమే డాక్టర్ గొప్పతనమని చాలామంది అనుకుంటారు. మేడమ్ అలా అనుకునేవారు కాదు. ఆమె దగ్గర మత్తు వైద్యం నేర్చుకోవడానికి నేను ట్రైనీగా చేరిన మొదటి వారంలోనే మాకందరికీ చెప్పారు. "మనసు మంచిగ లేని దినం సిరంజి ముట్టకుండ్రి. పక్కోళ్లను పిలిచి ఇచ్చెయ్యండి. అండ్ల నామోషీ ఏం లేదు." అందుకని సిరంజి ట్రేలో పెట్టేసి, పక్క థియేటర్‌లో ఉన్న సహోద్యోగిని పిలిచాను. పెద్దాయన దగ్గరికి వెళ్లి, నాకు ఇంట్లో కష్టం వచ్చిందని, ఇంకో డాక్టర్ వచ్చి మత్తు ఇస్తారని చెప్పాను. ఇంకాసేపట్లో కడుపు కోయించుకోబోతున్న మనిషి నన్నే ఓదార్చాడు. "పోయి రా బిడ్డా, నాకేం గాదు" అన్నాడు.

బయటికి వచ్చి మాస్కు తీశాక గానీ నాకు ఏడుపు రాలేదు.

నల్లగండ్లలో మేడమ్ ఉండే అపార్టుమెంటుకు టెక్నీషియన్, నేను కలిసే వెళ్లాం. అతనిది బోరబండ. మేడమ్‌తో నాకంటే చాలా ముందు నుంచి పనిచేసినవాడు. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. కింద సెల్లార్‌లో కార్లు పక్కకు జరిపి కుర్చీలు వేశారు. మేడమ్ పెళ్లి చేసుకోలేదు. అన్న కూతురు ఆమెతోనే ఉండేది, ఇక్కడే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. ఆ అమ్మాయే వచ్చినవాళ్లందరికీ మంచినీళ్లు ఇస్తూ తిరుగుతోంది. ఆమెను కూర్చోబెట్టి నేను ఆ పని అందుకున్నాను. చేతులకు ఏదో ఒక పని ఉంటే బాగుండుననిపించింది.

అక్కడ ఒకాయన పరిచయమయ్యారు. మేడమ్ ఉన్న అంతస్తులోనే, ఎదురు ఫ్లాటు. కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. మేము ఏ ఆస్పత్రి నుంచి వచ్చామో తెలుసుకుని, తనకూ అక్కడే అపెండిక్స్ ఆపరేషన్ జరిగిందని, ప్రాణం మీదికి వస్తే రాత్రికి రాత్రి తీసుకుపోయారని చెబుతున్నారు. టెక్నీషియన్ ఆయన ముఖం పరీక్షగా చూశాడు. "సార్, గా దినం మీకు మత్తిచ్చింది మేడమే. మీరు భయపడ్తుంటే మీ తల కాడ నిలబడి మాట్లాడింది" అన్నాడు.

ఆయనా మేడమూ అన్నేళ్లు ఒకే లిఫ్టులో ఎక్కారు, దిగారు. పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకున్నారు. ఆమె ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. ఆయనకేమో మాస్కు వెనక ఉన్న మనిషి ఎవరో తెలియదు, ఆ రాత్రి తను ఏం మాట్లాడారో తెలియదు. "ఎదురుగానే ఉండిందే... ఒక్క మాట చెప్పింటే కాళ్లకు దండం పెట్టుకుందును గదమ్మా" అన్నారు నాతో.

మీలో ఎవరికైనా ఎప్పుడైనా ఆపరేషన్ జరిగి ఉంటే, కోసిన డాక్టర్ పేరు మీకు గుర్తుంటుంది. మత్తిచ్చిన డాక్టర్ గుర్తుండరు. అది మీ తప్పేమీ కాదు. మేమిచ్చే మందు చేసే పనే అది. థియేటర్‌లోకి తీసుకెళ్లాక, అసలు మత్తుకు ముందు, భయం తగ్గడానికి నరంలోకి కొంచెం మిడజోలం అనే మందు ఇస్తాం. నిద్ర పట్టక వేసుకునే మాత్రల కుటుంబమే అది. అది ఎక్కాక మనిషి మెలకువగానే ఉన్నట్టు కనిపిస్తాడు, అడిగినదానికి జవాబిస్తాడు, ఒక్కోసారి జోకులేస్తాడు. కానీ ఆ క్షణం నుంచి జరిగినదేదీ అతనిలో నిలవదు. మందుకు ముందు జరిగినవి మాత్రం అలాగే ఉంటాయి.

మేడమ్ వృత్తి జీవితమంతా ఈ రెండింటి మధ్య గీత మీదే నడిచిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆమె ఈ చుట్టుపక్కల పల్లె మనిషే. ఇప్పుడు అద్దాల మేడలున్న నేలలోనే వాళ్ల నాన్న జొన్న వేసేవారట. ఆ ఇంట్లో చదువుకున్న మొదటి ఆడపిల్ల. సర్కారు దవాఖానలో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక హైటెక్ సిటీ దగ్గరున్న మా ఆస్పత్రిలో చేరారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. తలకు కట్టుకునే టోపీలు పాత నూలు చీరలతో తనే కుట్టుకునేవారు. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలెక్కి వచ్చేవారు, చేతిసంచిలో ఎప్పుడూ జామకాయలు ఉండేవి. ఉప్పూకారం పొట్లం కూడా. కేసు బాగా జరిగితే మాకు దొరికే మెచ్చుకోలు ఆ జామముక్కే. నోటితో మాత్రం ఎవరినీ పొగడగా నేను వినలేదు.

నేను కడప జిల్లా నుంచి వచ్చాను. వచ్చిన కొత్తలో ఆమె తిడుతున్నారో ముద్దు చేస్తున్నారో అర్థమయ్యేది కాదు. "ఏంది బిడ్డా, సిరంజి గిట్ల పట్టుకున్నవ్, పాము పట్టినట్టు" అనేవారు. ఒకే మందు పలచగానూ వస్తుంది, చిక్కగానూ వస్తుంది, చిన్న సీసా చూసి తక్కువ మందే అనుకుంటే మోసపోతాం. అందుకని సీసా మీద రాసి ఉన్నది పైకి చదివించేవారు. చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు ఉండేది మాకు. తను కూడా చదివేవారు. అన్నేళ్ల అనుభవం ఉన్న మనిషి, గదిలో ఎవరూ లేకపోయినా చదివేవారు.

పుస్తకంలో నేను బట్టీపట్టి వచ్చిన పాఠాన్ని ఆమె ఒక్క మాటలో చెప్పారు. "మెదడుకు దాని బ్రేకు దానికే ఉన్నది. ఈ మందు వచ్చి బ్రేకు తొక్కదు. తొక్కే కాలుకు జర బలమిస్తది, అంతే." ఆ మందు ఒక్కదాన్నే, తగినంత ఇస్తే ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊపిరి ఆగదని, అదే నొప్పి మందుతో కలిపినా, ముసలివాళ్లకు ఇచ్చినా ఆ బ్రేకు బండినే ఆపేయగలదని వివరించారు. మందు ఇచ్చాక సిరంజి మా చేతిలోంచి తీసుకుని ట్రేలో పెట్టేవారు. కొత్తవాళ్లకు ఆగడం రాదు. మందు పనిచేయలేదేమోనని ఇంకొంచెం ఇస్తారు, అప్పుడు మొదటిదీ రెండోదీ కలిసి ఒక్కసారే ఎక్కుతాయి. "మానిటర్ తర్వాత చూద్దువు. ముఖం చూడు. కనురెప్ప బరువైతదా లేదా చూడు" అనేవారు.

దీనికి విరుగుడు మందు కూడా ఉంది. అది ఉందన్న ధైర్యంతో ఎవరైనా చేతికొచ్చినంత ఇస్తే ఆమెకు మహా కోపం. "విరుగుడు ముందుగాల ఇంటికి పోతది. మందు ఇంక లోపల్నే కూసుంటది" అనేవారు. లేచి కూర్చున్నాడు కదా అని వార్డుకు పంపితే, అక్కడ ఎవరూ చూడకుండా మళ్లీ మత్తులోకి జారిపోతాడని.

వీటన్నిటికంటే ఎక్కువ పట్టుబట్టింది ఒక మాట మీద. చెప్పాల్సింది ఏదైనా మందుకు ముందే చెప్పాలి. ఎక్కడ నొప్పి ఉంటుంది, లేచేసరికి గొంతులో ఏముంటుంది, బయట ఎవరు కూర్చుని ఉన్నారు, అన్నీ. "మందు ఇచ్చినంక నువ్వెంత ప్రేమగ చెప్పినా గాలికి చెప్పినట్టే. అట్లని చెప్పుడు బంద్ జేయకు. వాళ్లకు గుర్తుండదు, నీకుంటది గద" అనేవారు.

ఒక మధ్యాహ్నం ఎమర్జెన్సీలో జరిగినది చెప్పాలి. బోరబండ నుంచి ఒకావిడను తీసుకొచ్చారు. మెట్ల మీద జారిపడి భుజం కీలు తప్పింది. నలభై దాటిన మనిషి, నాలుగిళ్లలో వంట చేస్తుందట. అప్పటికి కొత్తగా చేరిన ఎముకల డాక్టర్ ఒకరు సిస్టర్ చేత మిడజోలం ఇప్పించి, చేయి లాగడం మొదలుపెట్టారు. ఆమె కేక కారిడార్ చివరి వరకు వినిపించింది. నేను, మేడమ్ ఆ పక్కనే నడుస్తున్నాం. మేడమ్ పరుగెత్తడం నేను మొదటిసారి చూశాను.

లోపలికి వెళ్లి ఆ డాక్టర్ చేతి మీద చేయి వేసి ఆపారు. నొప్పికి ఏమిచ్చారని అడిగారు. ఆయనకు కొంచెం చిరాకు వేసింది. ఇంకో క్షణంలో అయిపోయేదని, మిడజోలం పడింది కాబట్టి ఆమెకు ఇదంతా ఎలాగూ గుర్తుండదని అన్నారు.

మేడమ్ గొంతు పెంచలేదు. "రేపు గుర్తుండదు, సరే. ఇప్పుడు నొస్తున్నది గద ఆమెకు" అన్నారు.

ఆ మందు భయాన్ని తీస్తుంది, జ్ఞాపకాన్ని తీస్తుంది, నొప్పిని తీయదు. ఈ సంగతి మాకందరికీ పరీక్షలో రాయడానికి తెలుసు. మేడమ్ ఆక్సిజన్ పెట్టించి, నొప్పి మందు కొంచెం కొంచెంగా తనే ఇచ్చారు. రెండూ కలిశాయి కనుక ఊపిరి మీదే దృష్టి పెట్టి, ఆవిడ చెంప నిమురుతూ, ఏ ఊరు తల్లీ నీది, ఎంతమంది పిల్లలు అని అడుగుతూ నిలబడ్డారు. ఆమె జవాబులు ముద్దముద్దగా వచ్చాయి. ముఖంలోని ముడతలు విడిపోయాక మేడమ్ తలూపారు. ఈసారి కీలు దాని చోటికి వెళ్లిపోయిన చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

కాసేపటికి ఆవిడ తేరుకుని, ఏమీ తెలియలేదని, చేతిలో ఏదో మాయ ఉందని ఆ ఎముకల డాక్టర్‌కే నమస్కారం పెట్టింది. ఆయన తల దించుకున్నారు. మేడమ్ అక్కడ ఆగలేదు. బయట బెంచీ మీద ఆవిడ కూతురు కూర్చుని ఉంది, కాలేజీ చదివే పిల్ల. రెండు చెవులూ అరచేతులతో మూసుకుని అలాగే ఉంది. మేడమ్ ఆ పిల్ల పక్కన కూర్చుని, మీ అమ్మ అరిచింది నిజమేనని, మొదట నొప్పి మందు ఇవ్వకపోవడం మా పొరపాటని, తర్వాత ఇచ్చామని, ఇప్పుడు బాగుందని ఉన్నదున్నట్టు చెప్పారు.

"అమ్మకు ఏం గుర్తులేదంటున్నది గద మేడం" అంది ఆ పిల్ల.

"ఆమెకు లేదు. నీకు ఉంటది బిడ్డా. అందుకే నీకు చెప్తున్న."

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. మేడమ్ భుజం మీద తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన నిలబడి నేర్చుకున్న పాఠం అది. గుర్తులేనంత మాత్రాన జరగనట్టు కాదని ఆమె తర్వాత చాలాసార్లు అన్నారు, కానీ ఆ బెంచీ దగ్గరే నాకది ఒంటబట్టింది. తప్పు మాదేనని రోగి తాలూకు వాళ్లతో అలా ఒప్పుకోవడం పైవాళ్లకు నచ్చలేదు, పిలిచి అడిగారు. మేడమ్ ఏం చెప్పారో తెలియదు. ఆ తర్వాత మాత్రం నొప్పి కలిగే ఏ పనికీ ఆ ఒక్క మందుతో సరిపెట్టకూడదన్న నియమం మా ఎమర్జెన్సీ గోడ మీదికి ఎక్కింది. ఆ ఎముకల డాక్టర్ ఇప్పుడు నాకు మంచి స్నేహితుడు. మేడమ్ అంత్యక్రియల్లో పాడె మోసిన నలుగురిలో ఆయన ఒకరు.

మేడమ్ రోగులను ప్రశ్నలు అడిగే తీరు వేరు. ఇది ఐటీ వాళ్ల ఇలాకా. మా దగ్గరికి వచ్చేవాళ్లు ముప్పయ్యేళ్లకే మెడనొప్పి, నడుంనొప్పి ఉన్నవాళ్లు, రాత్రంతా అమెరికా వాళ్లతో మాట్లాడి తెల్లవారి పడుకునేవాళ్లు. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదంటారు. అబద్ధం చెప్పాలని కాదు, నిద్రమాత్ర వాళ్ల లెక్కలో మందు కాదు. మేడమ్ ఆ ప్రశ్న అడిగేవారే కాదు. మంచం మీద ఓ పక్కన కూర్చుని, "నిద్ర ఎట్ల పడ్తది బిడ్డా?" అనేవారు.

మోకాలి ఆపరేషన్‌కు వచ్చిన ఒక టీమ్ లీడ్‌ను ఇలాగే అడిగారు. వారాంతంలో క్రికెట్ ఆడుతూ కాలు మెలిక పడ్డ కుర్రాడు. మందుల్లేవు, అలవాట్లు లేవు అని నాతో గడగడా చెప్పాడు. మేడమ్ అతని భార్యను కింద క్యాంటీన్‌కు పంపించి, ఆ ప్రశ్న వేశారు. అతను ఫోను బోర్లా పెట్టాడు. రెండేళ్లుగా రోజూ మాత్ర వేసుకుంటే గానీ నిద్ర రాదని, మొదట్లో ఒకటి, ఇప్పుడు మూడు అని, భార్యకు తెలియదని చెప్పాడు. ఆపరేషన్ ఉంది కదా అని నిన్నటి నుంచి మానేశాడట. అతని వేళ్లు వణకడం నేను భయమనుకున్నాను.

రోజూ ఆ మాత్రకు అలవాటు పడ్డ మెదడుకు అది ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ కూడా రావచ్చు. మేమిచ్చే మందు కూడా అందరికీ సరిపోయినంత అతనికి సరిపోదు. మేడమ్ అతనికి ఈ రెండూ చెప్పారు. మందలించలేదు. "నువ్వు తప్పు జేసినవని ఎవలన్నరు? ఎక్కినన్ని మెట్లు ఎక్కినవ్. ఇగ ఒక్కొక్కటే దిగాలె, దుంకొద్దు" అన్నారు. ఆపరేషన్ వాయిదా వేయించి, మానసిక వైద్యుడి దగ్గరికి తనే తీసుకువెళ్లారు. తర్వాత నెలల తరబడి అతను మేడమ్‌కు ఫోను చేసేవాడు. మాత్రలో సగం, ఆ సగంలో సగం, అలా తగ్గించుకుంటూ వచ్చాడు. భార్యకు తనే చెప్పుకున్నాడు కూడా. ఒకరోజు మేడమ్ అతనితో మాట్లాడి ఫోను పెట్టేసి, నాకు పెద్ద జామముక్క ఇచ్చారు.

తర్వాత ఆమెకే జబ్బు చేసింది. పెద్దపేగులో గడ్డ. తన రిపోర్టు తనే చదువుకుని, కవరులో పెట్టి, ఆ రోజు కేసులన్నీ పూర్తిచేసి, అప్పుడు నాతో చెప్పారు. మన దగ్గరే చేయించుకుంటాను, మత్తు నువ్వే ఇవ్వాలి అన్నారు. నావల్ల కాదన్నాను. "నీతోని కాకపోతే నేను గిన్నేండ్లు ఏం నేర్పినట్టు?" అన్నారు. ఒప్పుకున్నాను.

ముందురోజు సాయంత్రం ఆమె గదికి వెళ్లాను. రోగి గౌను వేసుకుని ఇంకా పొట్టిగా కనిపించారు. అన్న కూతురు కిటికీ దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్‌లో పని చేసుకుంటోంది. అన్నీ తెలిసిన మనిషిని ఏమడుగుతానని నేను ఊరికే నిలబడ్డాను. అందరినీ ఎట్లా అడుగుతానో తననూ అట్లాగే అడగమన్నారు. మంచం పక్కన కూర్చున్నాను.

"నిద్ర ఎట్లా పడుతుంది మేడమ్?"

ఆమె అమ్మాయి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "పడ్తలేదు బిడ్డా. భయమైతున్నది."

అన్ని వేలమంది భయాన్ని తీసిన మనిషి అలా అన్నారు. ఫికర్ చేయకండి మేడమ్ అన్నాను. రోగులతో ఆమె రోజూ అనే మాటే ఆమెకు అప్పజెప్పాను. నవ్వారు. తనకు ఎంత మందు ఇవ్వాలో చెప్పారు, మామూలుగా ఇచ్చేదానిలో సగమే, వయసు గుర్తుంచుకో అని. తర్వాత ఇంకో మాట చెప్పారు. మత్తులో రోగులు ఎన్నో మాట్లాడతారు. ఎవరెవరి మీదో కోపాలు, ప్రేమలు బయటపడతాయి. అవి థియేటర్ దాటకూడదని ఆమె నియమం. టేబుల్ మీద విప్పిన బట్టలు ఎవరైనా బయటికి పట్టుకుపోయి చూపిస్తారా అనేవారు. "నేనేమన్న మాట్లాడితే నాక్కూడ చెప్పకు" అన్నారు ఆ సాయంత్రం. "నేను పోయినంక కావాల్నంటే ఎవలకన్న చెప్పుకో."

ఆ సెలవు మీదే ఇప్పుడు చెబుతున్నాను.

మర్నాడు మందు ఇచ్చి, సిరంజి ట్రేలో పెట్టి, ముఖం చూస్తూ నిలబడ్డాను. కనురెప్పలు బరువెక్కాయి. మేడమ్ తల తిప్పి, పక్కనున్న టెక్నీషియన్‌ను దగ్గరికి రమ్మని సైగ చేశారు. ఏదో రహస్యం చెబుతున్నట్టు, గది మొత్తానికి వినిపించేలా అన్నారు. "గీ పిల్లను చూసినవా, రాయలసీమ పిల్ల. వచ్చినప్పుడు దీని చేతులు గజగజ వణికేటియి. ఇప్పుడు నాకంటె మంచిగిస్తది మత్తు. దానికి మాత్రం చెప్పకు, నెత్తికెక్కుతది."

నా రెండు చేతులూ ఆమె ముఖానికి పెడుతున్న ఆక్సిజన్ మాస్కు మీద ఉన్నాయి. కళ్లు తుడుచుకోవడానికి లేదు. టెక్నీషియన్ ఒక గాజుగుడ్డ ముక్క తీసుకుని నా కళ్లు తుడిచాడు. అతని కళ్లు ఎవరూ తుడవలేదు.

సాయంత్రం తేరుకున్నాక, "ఏమన్న అన్ననా?" అని అడిగారు. ఏమీ అనలేదు మేడమ్ అన్నాను. ఆమె టెక్నీషియన్ ముఖం చూశారు, అతను కిటికీ వైపు తిరిగాడు. అంతటితో ఆ సంగతి వదిలేశారు. ఆ ఒక్క విషయంలో ఆమెతో అబద్ధమాడాను. ఆమె నేర్పిన పద్ధతి అదే కనుక నాకు బాధ లేదు.

తర్వాత దాదాపు రెండేళ్లు బాగున్నారు. కీమో మధ్యలో కూడా ట్రైనీలను ఇంటికి పిలిపించుకుని పాఠాలు చెప్పారు, వాళ్లకు ఉప్మా చేయించి పెట్టారు. ఆ తర్వాత జబ్బు కాలేయానికి పాకింది. ఇక చికిత్సలు వద్దని ఆమే తేల్చేశారు. ఆస్పత్రికి కూడా రానన్నారు. ఇంటికి వచ్చి చూసే డాక్టర్‌ను కుదుర్చుకున్నాం. నొప్పికి మార్ఫిన్, ఆయాసానికీ కంగారుకూ చర్మం కిందికి మిడజోలం. జీవితమంతా ఇతరులకు ఇచ్చిన మందే.

దాని మీద ఆ డాక్టర్‌తో ఆమెకు ఒక వాదన జరిగింది. ఆయన మంచివాడు. ఆమెకు కష్టం తెలియకూడదని రోజంతా మగతగా ఉండేలా ఇస్తానన్నాడు. మేడమ్ ఒప్పుకోలేదు. పగలు తగ్గించమన్నారు. ఎందుకు మేడమ్, బాధపడటం దేనికి అని నేనూ అన్నాను.

"ఎవలన్న వచ్చిపోతే నాకు గుర్తుండాలె గద" అన్నారు. "నువ్వొస్తవ్, కూసుంటవ్, పోతవ్. నాకేమో నువ్వు రాలేదనిపిస్తది. నీ మీద కోపమొస్తది. గట్ల నాకొద్దు."

అలాగే తగ్గించాం. నొప్పి మందు మాత్రం సరిపడా ఉండేలా చూశాం, పగలు మేడమ్ మెలకువగానే ఉండేవారు. ఎవరొచ్చారో రాత్రి అన్న కూతురికి వరసగా చెప్పేవారట. మోకాలి కుర్రాడు భార్యాబిడ్డతో వచ్చాడని, ఆ బిడ్డకు ఇంకా పళ్లు రాలేదని, టెక్నీషియన్ జామకాయలు తెచ్చాడు గానీ తను తినలేకపోయానని, వాడు చిన్నబుచ్చుకున్నాడేమో కనుక్కోమని.

నేను చివరిసారి చూసింది ఒక మంగళవారం. డ్యూటీ త్వరగా అయిపోతే వెళ్లాను. అన్న కూతురు అప్పుడే ఆఫీసు మీటింగులో కూర్చుంది, పక్క గదిలోంచి ఆమె ఇంగ్లిషు సన్నగా వినబడుతోంది. మేడమ్‌లో ఎముకలే మిగిలాయి. అయినా గుర్తుపట్టి, పొద్దున్న ఏం కేసులు చేశానని అడిగారు. ఒక ముసలమ్మకు తుంటి ఆపరేషన్ అని చెప్పాను. మందు ఎంత ఇచ్చావన్నారు. అసలు ఇవ్వలేదు మేడమ్, ఆమెతో కబుర్లు చెబుతూ వెన్నులో ఇంజెక్షన్ చేశాను అన్నాను. ఏ కబుర్లు అన్నారు. ఆవిడ కోడలి గురించి అన్నాను. మేడమ్‌కు నవ్వు వచ్చింది, నవ్వితే దగ్గు వచ్చింది. కొంచెం నీళ్లు పట్టించాను.

తర్వాత మాటలు తగ్గాయి. కింద స్కూలు బస్సులు వస్తున్నాయి, పిల్లలు దిగి అరుచుకుంటున్నారు. ఆమె కళ్లు మూసుకున్నారు. నా చేయి ఆమె మంచం మీద ఉంది. నిద్రలోనే ఆమె చేయి కదిలి, నా చేతి మీదికి వచ్చింది. పట్టుకుంటారనుకున్నాను. పట్టుకోలేదు. వేళ్లు నెమ్మదిగా నా మణికట్టు వైపు జరిగాయి, బొటనవేలి కింద ఆ సన్నని చోటును వెతుక్కున్నాయి, దొరికాక అక్కడే ఆగాయి. మూడు వేళ్లు, తేలిగ్గా, సరిగ్గా నాడి మీద.

పెదవులు కదులుతున్నాయి. దగ్గరికి వంగి విన్నాను. లెక్కపెడుతున్నారు.

సంచిలో నా ఫోను మోగి ఆగిపోయింది. చేయి తీయలేదు. బస్సులు వెళ్లిపోయాయి, బాల్కనీలో ఎండ గ్రిల్లు మీదికి, గ్రిల్లు మీంచి గోడ మీదికి జరిగింది. గదిలో చీకటి పడుతున్నా లైటు వేయడానికి నేను లేవలేదు. నా నాడి ఆమె వేళ్ల కింద కొట్టుకుంటూనే ఉంది, మేడమ్ పెదవులు దానితోపాటే, ఒక్కసారీ లెక్క తప్పకుండా, కదులుతూనే ఉన్నాయి.